ముత్తయిదువలకు ప్రవేశం లేదు

1902లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఒక ధర్మసందేహం పట్టుకుంది. సొసైటీ అంటే అల్లాటప్పా సభ కాదు. 1660లో పుట్టింది, రెండేళ్ళు తిరక్కుండానే రాజుగారి చార్టరు పుచ్చుకుంది, న్యూటన్ అంతటివాణ్ణి అధ్యక్షపీఠం మీద కూర్చోబెట్టింది. భూమి బరువెంత, పోయిన తోకచుక్క మళ్ళీ ఎప్పుడొస్తుంది లాంటి లెక్కలు తేల్చిన మహానుభావులు అందులో ఫెలోలు. అంతటి సభకూ కొరుకుడు పడని ప్రశ్న ఒకటి ఎదురొచ్చింది. మొగుడున్న ఆడమనిషి మనిషి లెక్కలోకి వస్తుందా, రాదా?

ఎవరో చెప్పారని దేన్నీ నమ్మవద్దన్నది ఆ సభ వారి నినాదం. లాటిన్‌లో రాయించుకుని తమ చిహ్నం కింద పెట్టుకున్నారు. చూడు, కొలువు, పరీక్షించు, ఆ తరవాతే నమ్ము. రెండు వందల నలభై ఏళ్ళు ఆ మాట మీదే నిలబడ్డారు. ఈ ఒక్క విషయంలో మాత్రం చూడనూ లేదు, కొలవనూ లేదు. చూడదలుచుకుంటే ఆ మనిషి అదే ఊళ్ళో ఉంది. వాళ్ళు నేరుగా వకీళ్ళ దగ్గరికి వెళ్ళారు. వకీళ్ళు పుస్తకాలు తిరగేసి తేల్చారు: వివాహిత స్త్రీ ఫెలోగా ఎన్నిక కావడానికి తగదు. మరి పెళ్ళికాని స్త్రీ? అదీ చాలా అనుమానమే. ఎవరో చెప్పారు, సభ నమ్మింది.

ఆ తగనిదాని పేరు హెర్తా అయర్టన్. తగకపోవడానికి ఆవిడ చేసిన నిర్వాకం కాస్త పెద్దదే, నెమ్మదిగా చెప్పుకోవాలి.

1854లో ఇంగ్లండు దక్షిణ తీరాన పోర్ట్‌సీలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫీబీ సారా మార్క్స్. తండ్రి పోలండు నుంచి వచ్చిన యూదు, గడియారాలు బాగుచేసేవాడు. పిల్లకు ఏడేళ్ళు నిండేనాటికి ఆయన కన్నుమూశాడు. ఇంటినిండా పిల్లలు, తల్లి చేతిలో సూదీ దారం. తొమ్మిదో ఏట ఆ పిల్లను లండన్‌లో తల్లి తోబుట్టువులు నడుపుతున్న బడికి పంపారు. పదహారో ఏట పరాయి ఇళ్ళలో పిల్లలకు చదువు చెప్పి తల్లికి డబ్బు పంపడం మొదలుపెట్టింది. బార్బరా బోడిషాన్ అనే ఉదారురాలు చెయ్యి అందించడంతో కేంబ్రిడ్జిలో ఆడపిల్లల కోసం పెట్టిన గిర్టన్ కాలేజిలో గణితానికి చేరింది. అక్కడ చదువుతూనే నాడి కొట్టుకునే తీరును గీసి చూపే పరికరం ఒకటి తయారుచేసింది. కాలేజికి అమ్మాయిలతోనే అగ్నిమాపక దళం కూడా ఏర్పాటు చేసింది.

1880లో పరీక్ష రాసింది. కేంబ్రిడ్జి వారి ఔదార్యం ఇక్కడ చూడాలి. ఆడపిల్లను పరీక్ష రాయనిస్తారు, దిద్దుతారు, ఫలానా తరగతిలో నెగ్గావని చెబుతారు, ఒక ధ్రువపత్రం చేతిలో పెడతారు. పట్టా ఇవ్వరు. విస్తరి వేసి, అన్నీ వడ్డించి, చెయ్యి పెట్టొద్దన్నట్టు. ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తి పట్టా ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో, మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు. బ్రిటిషువాళ్ళకు ఢిల్లీని వదులుకోవడమే తేలికైందన్నమాట. హెర్తా అంతకాలం ఆగలేదు, మరుసటి ఏడే లండన్ విశ్వవిద్యాలయంలో పరీక్ష రాసి బీఎస్సీ తెచ్చుకుంది.

1884లో మొదటి పేటెంటు. ఒక గీతను ఎన్ని సమభాగాలు కావాలంటే అన్ని చేసే పరికరం, ఇంజనీర్ల బల్ల మీద రోజూ పనికొచ్చేది. జీవితం మొత్తం మీద ఆవిడ పేరిట 26 పేటెంట్లు నమోదయ్యాయి. పేటెంటు కార్యాలయానికి ధర్మసందేహాలు రావు. రుసుము కట్టావా, రసీదు పుచ్చుకో. ఈ లోకంలో ఆడదాన్ని ముందుగా మనిషిగా గుర్తించినది గల్లాపెట్టె అని నా అనుమానం.

1884లోనే ఫిన్స్‌బరీ టెక్నికల్ కాలేజిలో విద్యుత్తు మీద సాయంత్రం తరగతులకు వెళ్ళింది. పాఠం చెప్పే ప్రొఫెసరు విలియం అయర్టన్. కుర్రతనంలో ఇండియాలో టెలిగ్రాఫ్ శాఖలో కొలువు చేసి, జపాన్‌లో ఇంజనీరింగ్ చెప్పి వచ్చినవాడు, 1881 నుంచీ రాయల్ సొసైటీ ఫెలో. 1885లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. అంటే, వకీళ్ళ భాషలో చెప్పాలంటే, ఆ రోజుతో హెర్తా అనే మనిషి చట్టం దృష్టిలో లేకుండా పోయింది.

లేకుండా పోయిన ఆ మనిషి చేసిన పని ఇప్పుడు చూద్దాం.

అప్పట్లో పెద్ద వీధులకూ రైల్వే స్టేషన్లకూ లైట్‌హౌసులకూ వెలుగిచ్చేవి ఆర్కు దీపాలు. రెండు కార్బన్ కడ్డీల మొనలు తాకించి, కరెంటు పారించి, కొద్దిగా ఎడం చేస్తే ఆ సందులో మంట లేచి కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్లటి వెలుగొస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో హంఫ్రీ డేవీ లోకానికి చూపించిన వింత ఇది. వింత బాగానే ఉంది గానీ దీపానికి బుద్ధి స్థిరం లేదు. కాసేపు నిలకడగా వెలుగుతుంది, ఉన్నట్టుండి బుస కొడుతుంది, రంగు మారుతుంది, రెపరెపలాడుతుంది. బుస మొదలవగానే వోల్టేజి ఒక్కసారిగా దాదాపు పది వోల్టులు పడిపోతుంది. ఎందుకు? దశాబ్దాలుగా ఇంజనీర్లు ఆ దీపాల కిందే నడుస్తున్నారు, ఆ బుస వింటూనే ఉన్నారు. ఎవరికీ సంతృప్తికరమైన జవాబు దొరకలేదు.

హెర్తా ఆ మంట ముందు ఏళ్ళ తరబడి కూర్చుంది. కడ్డీ మొన ఎలా అరిగిపోతోంది, పాజిటివ్ కడ్డీ మీద గుంట ఎలా పడుతోంది, ఆ గుంట ఎంత వెడల్పవుతోంది, అన్నీ పెద్దది చేసి గీసుకుంది. గుట్టు ఆ గుంటలోనే దొరికింది. కరెంటు పెరిగేకొద్దీ గుంట పెరుగుతుంది. కడ్డీ మొన మీద దానికి చోటు సరిపోయినంతసేపు ఆర్కు చుట్టూ ఉన్న కార్బన్ ఆవిరి దాన్ని కాపాడుతుంది, దీపం కిక్కురుమనదు. గుంట మొన దాటి పక్కకు పాకిందా, బయటి గాలి లోపలికి జొరబడుతుంది. గాలిలోని ఆక్సిజన్ వేడి కార్బన్‌కు తగిలి భగ్గుమంటుంది. ఆ రెండూ కలవడమే బుస. ఊరికే చెప్పి ఊరుకోలేదు. ఆర్కును గాలి చొరబడని చోట పెట్టి వెలిగించింది, బుస లేదు. ఆక్సిజన్ ఊదింది, బుస. ఇతర వాయువులు పంపింది, వోల్టేజి పడిపోలేదు. కేసు తేలిపోయింది. ఆర్కు పొడవుకూ, కరెంటుకూ, వోల్టేజికీ ఉన్న లెక్కను ఒక సమీకరణంగా తేల్చింది. దాన్ని ఈనాటికీ అయర్టన్ సమీకరణం అనే అంటారు. చాలామంది ఆ అయర్టన్‌ను ప్రొఫెసరుగారనుకుంటారు, అది వేరే సంగతి.

ప్రొఫెసరుగారి గురించి ఒక్కమాట, ఆయన్ని ఊరికే దోషుల గుంపులో తోసెయ్యడం పాపం. ఆర్కు మీద ప్రయోగాలు మొదలుపెట్టింది ఆయనే. ఆవిడ చేతికి పని వచ్చాక మాత్రం కావాలనే పక్కకు తప్పుకున్నాడు. తాను వేలు పెడితే పేరంతా తనకే అంటగడతారని తెలుసు. లోకం తీరు తెలిసిన భర్త.

1899 మార్చిలో హెర్తా లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ సభలో నిలబడి, ఆర్కు ఎందుకు బుస కొడుతుందో తన నోటితోనే చదివి చెప్పింది. ఆ సభలో ఒక స్త్రీ తన పత్రం చదవడం అదే మొదలు. చదివిన కొద్దికాలానికే ఇంజనీర్లు ఆవిణ్ణి సభ్యురాలిగా ఎన్నుకున్నారు. ఆకాశం విరిగి నెత్తిన పడలేదు. థేమ్స్ వెనక్కి పారలేదు. ఇంజనీర్లు మర్నాడు యథాప్రకారం పనిలోకి వెళ్ళారు.

1901లో రాయల్ సొసైటీకి ఆర్కు మీద పెద్ద పత్రం పంపింది. పత్రం బాగుందన్నారు. చదివించారు కూడా, జాన్ పెర్రీ అనే ఫెలో చేత. కాగితానికి ప్రవేశం ఉంది, అది రాసిన చేతికి లేదు. మరుసటి ఏడు ఆ పెర్రీగారే మొండికేసి, ఈవిణ్ణి ఫెలోగా తీసుకోండని ప్రతిపాదన పెట్టారు. అప్పుడు పుట్టిందే మన ధర్మసందేహం.

వకీళ్ళ తర్కాన్ని చులకన చెయ్యకండి, దాని అందం దానికుంది. ఇంగ్లీషు న్యాయసంప్రదాయం ప్రకారం పెళ్ళితో భార్య వ్యక్తిత్వం భర్తలో కలిసిపోతుంది. విడిగా ఆవిడ లేదు. లేని మనిషిని సభ్యురాలిగా ఎలా ఎన్నుకుంటారు? బాగుంది. అయితే ఆ తర్కాన్నే ఇంకో మెట్టు ఎక్కిద్దాం. ఆవిడ కలిసిపోయింది విలియం అయర్టన్‌లో. ఆయన 1881 నుంచీ ఫెలో. అంటే 1885లో పెళ్ళినాటి నుంచే ఆవిడా ఫెలోయే కావాలి! పదిహేడేళ్ళుగా సభలో కూర్చున్న మనిషిని మళ్ళీ ఎన్నుకోవడం దేనికని వకీళ్ళు అభ్యంతరం చెప్పి ఉంటే తర్కం సంపూర్ణమయ్యేది. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నవాడు కూడా ఇంత దూరం ఆలోచించి ఉండడు.

ఇంకా ఉంది. ఆ సభకు ఏ కాలంలోనైనా పోషకులు సింహాసనం మీద ఉన్నవారే. అంతకు ముందు ఏడు జనవరి దాకా ఆ సింహాసనం మీద కూర్చున్నది విక్టోరియా. రాణిగారు సభ చార్టరు పుస్తకంలో స్వహస్తాలతో సంతకం చేశారు. ఆమెకూ పెళ్ళయింది, ఆ భర్తగారిని కూడా సభ ఫెలోగా గౌరవించుకుంది. తొమ్మిది మంది పిల్లలను కన్న ఆ ఇల్లాలు చట్టం దృష్టిలో ఉందా, ఆల్బర్ట్‌లో కలిసిపోయిందా? ఈ ప్రశ్న వకీళ్ళకు పంపిన దాఖలా లేదు. అడిగితే లండన్ టవర్ చెరసాలలో వేస్తారని భయమేమో.

సభ మందిరంలో ఆడవాళ్ళు అసలే లేరనుకుంటే పొరపాటు. ఒకావిడ ఉన్నారు. గణితం, ఖగోళశాస్త్రం ఔపోసన పట్టిన మేరీ సోమర్‌విల్. చాంట్రీ అనే శిల్పి చేత ఆవిడ పాలరాతి ప్రతిమ చెక్కించి ఫెలోలు తమ హాలులో పెట్టుకున్నారు. ఆవిడకు జరిగింది ఒకటి కాదు, రెండు పెళ్ళిళ్ళు. అయినా రాతికి అభ్యంతరం లేదు. రాయి మాట్లాడదు, ఓటు వెయ్యదు, పత్రాల్లో తప్పులు పట్టదు. ప్రాణమున్నదైతేనే చిక్కు.

పోనీ, సభవారు బొత్తిగా ఛాందసులా అంటే అదీ కాదు. 1841లోనే బొంబాయి నుంచి వచ్చిన నౌకా ఇంజనీరు అర్దేశిర్ కర్సెట్‌జీ వాడియాను ఫెలోగా ఎన్నుకున్నారు. నల్లవాడు, పరాయివాడు, పార్సీ, బానిసదేశపు ప్రజ. ఇవేవీ అడ్డు రాలేదు. మెచ్చుకోవలసిందే. సముద్రాలు దాటి వచ్చినవాడు గడప దాటాడు, ఆ ఊరి ఇల్లాలు మాత్రం గడప బయటే ఆగిపోయింది.

ఇలాంటి కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు. "ఆ కాలం అలాంటిదండీ, ఇవాళ్టి కళ్ళతో చూడకూడదు" అంటాడు. ఎంత మంచి మాట! తప్పు చేసినవాళ్ళందరూ ఇళ్ళకు పోవచ్చు, కాలం ఒక్కటే బోనెక్కుతుంది. దానికి వకీలు ఉండడు, శిక్ష వేసినా బాధ ఉండదు.

అయ్యా, ఇంజనీర్ల సభ ఆవిణ్ణి సభ్యురాలిగా తీసుకున్నది 1899లో. రాయల్ సొసైటీ కాదన్నది 1902లో. ఊరు అదే. రాజ్యం అదే. చట్టం అదే, పెళ్ళి అదే, మొగుడూ అతనే. ప్రతిపాదన పెట్టిన పెర్రీ ఏ కాలంవాడు? పేరు తనకు రాకూడదని పక్కకు జరిగిన అయర్టన్ ఏ కాలంవాడు? పెళ్ళయిన స్త్రీ ఆస్తి ఆవిడదేనని పార్లమెంటు చట్టం చేసింది 1882లో. పేటెంటు ఆవిడ పేర రాసుకోవచ్చు, దాని మీద వచ్చిన డబ్బు ఆవిడ పేర దాచుకోవచ్చు, ఆ పేటెంటుకు ఆధారమైన తెలివికి మాత్రం యజమాని లేడు! కాలం అందరికీ ఒకటే. కొందరు తలుపు తీశారు, కొందరు గడియ పెట్టి కాలం మీదికి నెట్టారు.

అసలు సంగతి చెప్పనా? ఆవిడ విలువ సభకు తెలియక కాదు. 1904లో ఆవిణ్ణే పిలిచి పత్రం చదివించుకున్నారు, ఈసారి ఆవిడ నోటితోనే. రాయల్ సొసైటీలో స్వయంగా పత్రం చదివిన మొదటి స్త్రీ ఆవిడే. సముద్రం ఒడ్డున ఇసుక మీద అలల గుర్తులు ఎలా ఏర్పడతాయన్నది విషయం. గాజు తొట్టెలో నీళ్ళూ ఇసుకా పోసి, ఊపి, సుళ్ళు ఎలా తిరుగుతాయో ఫెలోల కళ్ళముందే చూపించింది. 1906లో ఆర్కు మీదా, ఇసుక అలల మీదా చేసిన పనికి హ్యూస్ పతకం ఇచ్చారు. అంతకు ముందు ఆ పతకం అందుకున్నవాళ్ళలో ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సన్, బల్బు వెలిగించిన జోసెఫ్ స్వాన్ ఉన్నారు. మనిషి ఉనికే లేదన్న సభ, ఆ లేని మనిషి చేతికి పతకం అందించింది. ఎవరి చేతికి ఇచ్చారో ఆ వకీళ్ళు చెప్పాలి.

ఇక్కడితో అయిపోలేదు. 1908లో విలియం అయర్టన్ చనిపోయారు. వకీళ్ళ లెక్క ప్రకారం భర్త పోవడంతో ఆవిడ చట్టం దృష్టిలోకి తిరిగి వచ్చినట్టే. పెళ్ళి అనే అడ్డు తొలగింది. పతకం ఉంది, ఆర్కు మీద రాసిన పుస్తకం ఉంది, పేటెంట్లు ఉన్నాయి, నౌకాదళం సెర్చిలైట్ల మీద చేసిన పని ఉంది. పదిహేనేళ్ళు వితంతువుగా అదే లండన్‌లో బతికింది. సభ కిక్కురుమనలేదు. అంటే మొగుడు ఉండటం కాదు బాధ. మొగుడు దొరికిన సాకు మాత్రమే.

ఇలాంటి పెద్దమనుషులతో వేగాక ఎవరికైనా ఓటు హక్కు మీద మనసు పోతుంది. 1910 నవంబరు 18న పార్లమెంటు ముందుకు వెళ్ళిన స్త్రీల ప్రతినిధి బృందంలో హెర్తా ఉంది. పోలీసులు ఆడవాళ్ళను కొట్టి ఈడ్చిన ఆ రోజుకు బ్లాక్ ఫ్రైడే అని పేరు. మన రంజిత్ సింగ్ మనవరాలు సోఫియా దులీప్ సింగ్ కూడా అదే బృందంలో నడిచింది. 1911లో జనాభా లెక్కలవాళ్ళు కాగితం పంపారు. పార్లమెంటుకు నిలబడ్డ ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే తెలివి నాకు లేదంటున్నారు, మరి ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పే తెలివి ఎక్కణ్ణించి వస్తుంది అన్న భావంతో ఆ కాగితం మీద అడ్డంగా రాసి పంపేసింది. వకీళ్ళు లేదన్నారు, లెక్కలవాళ్ళు ఉందనుకున్నారు. ఆవిడ ఈసారి వకీళ్ళ పక్షం వహించింది. నిరాహార దీక్షలతో జైల్లో చిక్కి శల్యమైన ఓటుహక్కు నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్‌ను ఇంట్లో పెట్టుకుని సేవ చేసింది. పారిస్ పత్రికలు పరువు తీసి, ఆరోగ్యం చెడి, ముఖం చాటేసుకోవలసి వచ్చిన మేరీ క్యూరీకి 1912 వేసవిలో ఇంగ్లండు తీరాన తలదాచుకునే చోటిచ్చింది. రేడియం కనిపెట్టింది భర్త పియేరే తప్ప మేరీ కాదని ఎవరో రాస్తే, ఆడవాళ్ళ పనిని మగవాళ్ళకు అంటగట్టే తప్పులకు ఎన్ని చావులొచ్చినా చావు రాదని పత్రికకు ఉత్తరం రాసింది. ఆ సంగతి ఆవిడకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది.

యుద్ధం వచ్చింది. 1915లో జర్మన్లు కందకాల్లోకి విషవాయువు వదిలారు. అరవై దాటిన హెర్తా తన గాజు తొట్టెల దగ్గరికి తిరిగి వెళ్ళింది. ఇసుక మీద నీటి సుళ్ళు చెప్పిన పాఠాన్ని గాలికి పెట్టి, కాన్వాసు గుడ్డకు పిడి తగిలించి ఒక విసనకర్ర తయారుచేసింది. నేలను ఒక పద్ధతిలో కొడితే సుళ్ళు లేచి వాయువును వెనక్కి నెట్టాలి. యుద్ధశాఖ అధికారులు చాలాకాలం పెదవి విరిచారు. ముసలావిడ పంపిన విసనకర్రతో యుద్ధం చెయ్యమంటారా అన్న ధోరణి. చివరికి 1,04,000 విసనకర్రలు పశ్చిమ రంగానికి వెళ్ళాయి. అవి ఎంత పనిచేశాయన్న దాని మీద సైనికుల్లో అప్పుడే రెండు మాటలున్నాయి. నాకు వాదన లేదు. కానీ అదే యుద్ధంలో గజం నేల కోసం వేలమందిని ముళ్ళకంచె మీదికి తోలిన జనరల్స్ పథకాలు ఎంత పనిచేశాయో ఎవరూ ఇంత పట్టుదలగా అడగలేదు.

1919లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. స్త్రీ అన్న కారణానగానీ, పెళ్ళయిందన్న కారణానగానీ, రాజ చార్టరు పొందిన సంఘాలతో సహా ఎక్కడా ప్రవేశం కాదనకూడదని అందులో ఉంది. ధర్మసందేహం చట్టబద్ధంగా తీరిపోయింది. హెర్తా ఇంకా నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళలో ఆ తలుపు చప్పుడు చెయ్యలేదు.

1923 ఆగస్టులో చనిపోయింది. 'నేచర్' పత్రికలో ఆవిడ మీద సంస్మరణ వ్యాసం రాసే భాగ్యం హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే రసాయన శాస్త్రవేత్తకు దక్కింది. ప్రొఫెసరుగారితో కలిసి పనిచేసినవాడు, ఆడవాళ్ళను రసాయన సంఘంలోకి రానివ్వకూడదని ఏళ్ళ తరబడి పోరాడినవాడు. దీన్ని బట్టి ఎంపిక ఎంత సముచితమో చూసుకోండి. హెర్తా పనిమంతురాలే గానీ, విషయం లోతు చూసే శక్తి లేదని తేల్చాడు. తరవాత అసలు దుఃఖంలోకి వచ్చాడు. పాపం అయర్టన్‌కు ఒక సాదాసీదా భార్య దొరికి ఉంటే ఎంత బాగుండేదన్నాడు. ఇంటికి రాగానే మెత్తటి చెప్పులు తొడిగి, కడుపునిండా పెట్టి, తన్నూ పరులనూ విసిగించకుండా చూసుకునే భార్య అయితే, ఆయన ఇంకా చాలాకాలం సుఖంగా బతికి ఇంకా గొప్ప పని చేసేవాడట.

చనిపోయింది ఆవిడ, సంతాపం ఆయన భోజనానికి.

ఈ వ్యాసాన్ని తెలుగులో ఎవరూ అనువదించనక్కరలేదు. మన ఇళ్ళలో దీన్ని అత్తగార్లు, ఆడపడుచులు, పక్కవాటా పెద్దమనుషులు మూలంలోనే చదివినంత బాగా అప్పజెబుతారు. ఆర్మ్‌స్ట్రాంగ్‌గారికి తట్టనిది ఒకటుంది. అయర్టన్ మొదటి భార్య మటిల్డా చాప్లిన్ వైద్యురాలు. చెప్పులు తొడిగే భార్య కావాలనుకున్నవాడైతే రెండుసార్లూ గురి తప్పేవాడు కాదు. అయర్టన్‌తో పనిచేసిన థామస్ మాథర్ అనే ఇంజనీరు వెంటనే అదే పత్రికలో ఆ వ్యాసాన్ని ఖండిస్తూ రాశాడు. మాథర్ కూడా ఆ కాలంవాడే, దయచేసి గుర్తు పెట్టుకోండి.

రాయల్ సొసైటీ స్త్రీలను ఫెలోలుగా తీసుకున్నది 1945 మార్చిలో. కాథలీన్ లాన్స్‌డేల్, మార్జొరీ స్టీఫెన్‌సన్. హెర్తాను కాదన్న నలభై మూడేళ్ళకు. ఆ ఇద్దరిలో లాన్స్‌డేల్‌కు మొగుడూ ముగ్గురు పిల్లలూ ఉన్నారు. వకీళ్ళ అభిప్రాయం ఏ అరలో ఉందో ఎవరూ వెతకలేదు.

లండన్‌లో ముత్తయిదువకు తలుపు మూస్తే, మన దగ్గర తలుపు మూసేది ముత్తయిదువతనం పోయినదానికి. భర్త ఉంటే అక్కడ ఆడది లేదు, భర్త పోతే ఇక్కడ ఆడది లేదు. రెండు న్యాయాలనూ కలిపి చదివితే ఆడమనిషి ఉండటానికి సందు ఎక్కడా మిగలదు. లేని ఆ సందులోంచే ఒక తెలుగమ్మాయి వచ్చింది. అయ్యలసోమయాజుల లలిత. పద్దెనిమిదేళ్ళకే వితంతువు, ఒళ్ళో నాలుగు నెలల పాప. ఆచారం ఆమె కోసం ఏం రాసిపెట్టి ఉంచిందో మన పాతతరం ఇళ్ళలో అందరికీ తెలుసు. తండ్రి పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజిలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆయన ఆచారాన్ని పక్కన పెట్టి ప్రిన్సిపాల్‌ను ఒప్పించి, కూతుర్ని తన కాలేజిలోనే చేర్చాడు. 1943లో ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరై బయటికి వచ్చింది. దేశంలోనే మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆమెకిచ్చిన పట్టా మీద అచ్చులో 'అతడు' అనే ఉంది. దాన్ని కలంతో కొట్టేసి 'ఆమె' అని రాసి ఇచ్చారు. కొత్తది అచ్చు వెయ్యడానికి ఖర్చు దండగ అనుకున్నారేమో. ఇంకెవరొస్తారులే అన్న ధీమా కావచ్చు.

లలిత తరవాత కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ కంపెనీలో చేరి, భాక్రా నంగల్ కరెంటును మోసుకొచ్చే లైన్ల డిజైన్ల మీద పనిచేసింది. 1953లో అదే లండన్ ఇంజనీర్ల సభ, హెర్తాకు తలుపు తీసిన సభ, ఆమెను అసోసియేట్‌గా, 1966లో పూర్తి సభ్యురాలిగా తీసుకుంది. ఇవాళ మన కాలేజీల్లో మార్చి 8న కట్టే ఫ్లెక్సీల మీద ఈవిడ ఫొటో అప్పుడప్పుడు కనిపిస్తుంది. చచ్చినవాడి కళ్ళు చారెడు. అదే కాలేజీలో బతికున్న లెక్చరరమ్మను లాబ్ ఇన్‌ఛార్జి చెయ్యమంటే మాత్రం, రాత్రి పొద్దుపోయేదాకా ఉండాలి కదమ్మా, పిల్లలున్నారు కదా, మీవారు ఏమంటారో అని పెద్దలు చాలా దయగా ఆలోచిస్తారు. మీవారు! వకీళ్ళను అడగకుండానే మనవాళ్ళకు ఆ న్యాయసూత్రం వచ్చు.

హెర్తా ఇంటి గోడకు లండన్‌లో ఇప్పుడు నీలం ఫలకం ఉంది. రాయల్ సొసైటీ వారు కూడా తమ చరిత్రలో ఆవిణ్ణి గర్వంగానే చెప్పుకుంటారు. 1906లో ఆవిడ అందుకున్న హ్యూస్ పతకం మరో స్త్రీ చేతికి వెళ్ళింది 2008లో, శనిగ్రహపు ఉపగ్రహం చుట్టూ వాతావరణాన్ని పట్టుకున్న మిషెల్ డోహర్టీకి. నూట రెండేళ్ళు. ఇందులో చివరి అరవై మూడేళ్ళు సభలో స్త్రీలు ఫెలోలుగా కూర్చునే ఉన్నారు. చార్టరు అడ్డు లేదు, చట్టం అడ్డు లేదు, మొగుడు అడ్డు లేడు. ఈసారి వకీళ్ళను ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమే రాలేదు.